వస్తువు, దాని కంట్రోలర్ రెండూ కలిపి డిజైన్ చేయడం ఎలా: కాలంతో మారే కపుల్డ్ సిస్టమ్‌ల ఆప్టిమైజేషన్

కారు సస్పెన్షన్ కావచ్చు, గాలిమర కావచ్చు, డ్రోన్ కావచ్చు, చాలా చోట్ల పని నడిచే వరస ఒకటే. ముందు వస్తువు డిజైన్ అయిపోతుంది, కొలతలు ఖరారవుతాయి, ఆ తర్వాత ఫైలు కంట్రోల్ వాళ్ల టేబుల్ మీదకి వస్తుంది, ఇక దీన్ని ఆడించడం మీ పని అని. కొన్ని సిస్టమ్‌లకి ఈ వరస బాగానే సరిపోతుంది. కొన్నిటికి మాత్రం అస్సలు సరిపోదు.

సముద్రంలో తేలే గాలిమర తీసుకోండి. గాలి వేగం ఒక హద్దు దాటాక కంట్రోలర్ రెక్కల కోణం మార్చి పవర్‌ని నిలకడగా ఉంచుతుంది, అంటే గాలి పెరిగేకొద్దీ మర మీద పడే తోపుడు బలం తగ్గుతుంది. నేల మీద ఇది మంచి పద్ధతి. అదే కంట్రోలర్‌ని తేలే వేదిక మీద పెడితే, వేదిక గాలికి ఎదురుగా వాలినప్పుడు రెక్కలకి గాలి ఎక్కువగా తగిలినట్టుంటుంది, కంట్రోలర్ తోపుడు తగ్గిస్తుంది, వెనక్కి నెట్టే బలం తగ్గడంతో వేదిక ఇంకా ముందుకు వాలుతుంది. ఊగుడు ఆగాల్సింది పోయి పెరుగుతుంది. దీన్నే నెగటివ్ డ్యాంపింగ్ అంటారు. లోతుగా దిగే స్పార్ రకం వేదికలు ఒక్కసారి ఊగడానికి 30 సెకన్ల దాకా పట్టొచ్చు, కాబట్టి కంట్రోలర్‌ని అంతకంటే నెమ్మదిగా ట్యూన్ చేయాలి. నెమ్మది చేస్తే రోటర్ వేగం అదుపు తప్పుతుంది, అప్పుడు వేదికనే మార్చుకోవాల్సి రావచ్చు. వేదికని, కంట్రోలర్‌ని విడివిడిగా చూసినవాళ్లెవరికీ ఈ గొడవ కాగితం మీద కనపడదు.

ఇలా ఒకదాని మీద ఒకటి ఆధారపడే (కపుల్డ్) సిస్టమ్‌లకి రెండిటినీ ఒకే ఆప్టిమైజేషన్‌లో, అంటే అన్నిటికంటే మంచి విలువలు వెతికే ఒకే లెక్కలో పెట్టాలి. ఎలాగో చెప్పేముందు ఒక మాట, కింద ప్రతి మెట్టులోనూ ఇది పనికొస్తుంది: ఆప్టిమైజర్‌కి మీ సిస్టమ్ తెలీదు, మీరు రాసిచ్చిన సమీకరణాలే తెలుసు. వాటిలో ఎక్కడ ఒక అబద్ధం దాగి ఉన్నా వెతికి మరీ వాడుకుంటుంది. కాబట్టి ఇందులో సగానికి పైగా పని అల్గారిథమ్‌కి ముందే ఉంటుంది.

ఉదాహరణకి కారులో నాలుగోవంతు, అంటే ఒక చక్రం, దాని మీద పడే బాడీ బరువు, మధ్యలో స్ప్రింగు, డ్యాంపరు (ఊగుడుని అణిచేది), ఒక యాక్చుయేటరు (కంట్రోలర్ చెప్పినంత బలం ఇచ్చే పరికరం). బాడీ 300 కేజీలు, చక్రం 40 కేజీలు, స్ప్రింగు మీటరుకి 18,000 న్యూటన్లు, టైరు మీటరుకి 1,80,000 న్యూటన్లు అనుకుందాం. చిన్న మోడలే, కానీ ఇందులో తగిలే ఇబ్బందులే పెద్ద వాటిలోనూ తగులుతాయి.

1. అసలు కలిపి చేయాల్సిన అవసరం ఉందా?

ఇది తేలకుండా మిగతావి మొదలుపెట్టొద్దు, ఎందుకంటే కలిపి చేయడం ఖరీదైన పని. మామూలు పద్ధతిలోనే ముందు స్ప్రింగు, తర్వాత కంట్రోలర్ డిజైన్ చేసుకోండి. ఇప్పుడు స్ప్రింగుని ఓ 10 శాతం అటు, 10 శాతం ఇటు జరపండి, జరిపిన ప్రతిసారీ కంట్రోలర్‌ని మళ్లీ ట్యూన్ చేయండి. మొత్తం సిస్టమ్ లక్ష్యం (కుదుపు, టైరు పట్టు, ఖర్చయ్యే శక్తి, అన్నీ కలిపిన అంకె) ఏ వైపుకీ పెద్దగా మెరుగుపడకపోతే పాత పద్ధతే చాలు, హాయిగా ఇక్కడే ఆపేయండి. ఒక వైపుకి గట్టిగా తగ్గుతూ పోతుంటే మాత్రం మీరు పక్కన పెట్టిన కప్లింగ్‌లో డబ్బులున్నాయని అర్థం.

మధ్యేమార్గంగా కొందరు స్ప్రింగు ఒకసారి, కంట్రోలర్ ఒకసారి, మళ్లీ స్ప్రింగు అని తిప్పుతూ ఉంటారు. అంకెలు ఎక్కడో ఒకచోట కదలడం మానేస్తాయి, అంతే, అదే ఆప్టిమమ్ (అన్నిటికంటే మంచి డిజైన్) అనుకుంటారు. ఇద్దరి లక్ష్యాలూ వేరువేరుగా ఉంటే, లేదా ఇద్దరికీ ఉమ్మడిగా ఒక పరిమితి ఉంటే, ఆ ఆగిన చోటు అసలు ఆప్టిమమ్ కాకపోవచ్చు. విడిగా ఎవరూ అడుగు వేయలేరు, ఇద్దరూ కలిసి వేస్తే ముందుకెళ్లొచ్చు, అలాంటి మూలలో ఇరుక్కుంటారు.

2. కాగితం మీద నాలుగు జాబితాలు రాయండి

కోడ్ తెరవకండి ఇంకా. మొదటి జాబితాలో కాలంతో మారని డిజైన్ వేరియబుల్స్: స్ప్రింగు తీగ వ్యాసం, చుట్ట వ్యాసం, చుట్ల సంఖ్య, డ్యాంపర్ గుణకం. రెండోది కాలంతో మారే స్టేట్‌లు, అంటే ఆ క్షణంలో సిస్టమ్ ఎలా ఉందో చెప్పే అంకెలు, ఇక్కడ నాలుగు: స్ప్రింగు ఎంత నొక్కుకుంది, టైరు ఎంత నొక్కుకుంది, బాడీ వేగం, చక్రం వేగం. మూడోది కంట్రోల్, యాక్చుయేటర్ బలం. నాలుగోది పరిమితులు. ఇందులో మళ్లీ రెండు రకాలున్నాయి: ప్రతి క్షణం పాటించాల్సినవి (సస్పెన్షన్ ప్రయాణం ప్లస్ మైనస్ 8 సెంటీమీటర్లు దాటకూడదు), ఒక్కసారి చూస్తే చాలే అనేవి (స్ప్రింగు ఆ ఖాళీలో పట్టాలి).

స్ప్రింగు గట్టిదనాన్నే నేరుగా డిజైన్ వేరియబుల్‌గా పెట్టేసుకుంటే తేలిక కదా అనిపిస్తుంది. పెట్టొద్దు. తయారయ్యేది తీగ, గట్టిదనం కాదు. గట్టిదనం తీగ వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది, చుట్ట వ్యాసం మూడో ఘాతంతో తగ్గుతుంది. ఉక్కు తీగ 12 మిల్లీమీటర్లు, చుట్ట 120 మిల్లీమీటర్లు, పనిచేసే చుట్లు 6.6 అయితే దాదాపు మన 18,000 వస్తుంది. తీగని 5 శాతం లావు చేయండి, గట్టిదనం 21 శాతం పైన పెరుగుతుంది. అదే సమయంలో తీగలో ఒత్తిడి తీగ వ్యాసం మూడో ఘాతంతో తగ్గుతుంది. ఈ రెండూ ఒకే కొలతకి ముడిపడి ఉన్నాయన్న సంగతి గట్టిదనం అనే ఒక్క అంకె వెనక దాచేస్తే, కంట్రోలర్‌కి నచ్చే మెత్తటి స్ప్రింగు దొరుకుతుంది గానీ దాన్ని ఏ తీగతో చుట్టాలో ఎవరికీ తెలీదు.

3. ఎవరి మీద ఎవరు ఆధారపడ్డారో గీయండి

భాగాలన్నీ ఒక చతురస్రం కర్ణం మీద రాసి, ఒకదాని అవుట్‌పుట్ ఇంకోదానికి వెళ్తే ఆ గడిలో గుర్తు పెట్టండి. ఎన్-స్క్వేర్డ్ డయాగ్రమ్ అంటారు దీన్ని. కర్ణానికి పైన మాత్రమే గుర్తులుంటే సమాచారం ఒకవైపే పోతోంది, వరసగా లెక్కేసుకుంటే చాలు. కింద కూడా ఉంటే అక్కడ లూప్ ఉంది.

మన ఉదాహరణలో స్ప్రింగు కొలతలు గట్టిదనాన్ని ఇస్తాయి, గట్టిదనం కదలికని, కదలిక బలాన్ని, బలం తీగలో ఒత్తిడిని, ఒత్తిడి ఎక్కువైతే తిరిగి కొలతలని మారుస్తుంది. ఇది ఆప్టిమైజర్ మూసే లూప్. కదలిక, కంట్రోల్ బలం మధ్య ఉన్నది మాత్రం ప్రతి క్షణం సిమ్యులేషన్ లోపలే మూసుకోవాల్సిన లూప్. ఈ రెండిటికీ వేర్వేరు రంగులు వాడండి, ఎందుకంటే వీటిని పరిష్కరించే తీరు వేరు.

లోపలి లూప్‌లో భాగాలు రెండు వేర్వేరు సాఫ్ట్‌వేర్‌లలో ఉంటే (మెకానికల్ ఒకచోట, కంట్రోల్ ఇంకోచోట, మధ్యలో ఎఫ్ఎమ్ఐ లాంటి, సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లని కలిపే ప్రామాణిక ఇంటర్‌ఫేస్) ఇక్కడ కాస్త ఆగి చూడండి. రెండూ ప్రతి 10 మిల్లీసెకన్లకి ఒకసారి మాట్లాడుకుంటున్నాయనుకోండి, మధ్యలో పాత విలువనే పట్టుకుని కూర్చుంటాయి. సగటున అది 5 మిల్లీసెకన్ల ఆలస్యం. మన చక్రం సొంతంగా ఊగే పౌనఃపున్యం సుమారు 11 హెర్ట్జ్, ఆ వేగం దగ్గర 5 మిల్లీసెకన్లంటే 20 డిగ్రీల ఫేజ్ వెనకబాటు. అసలు సిస్టమ్‌లో లేని ఈ ఆలస్యాన్ని సర్దుకోవడానికి ఆప్టిమైజర్ మీ డ్యాంపర్‌ని మార్చేస్తుంది. మాట్లాడుకునే వ్యవధిని సగం చేసి చూడండి, జవాబు మారితే ఇంకా సగం చేయండి.

4. మోడల్‌ని ఆప్టిమైజర్‌కి తగ్గట్టు సిద్ధం చేయండి

సిమ్యులేషన్‌కి సరిపోయే మోడల్ ఆప్టిమైజేషన్‌కి సరిపోకపోవచ్చు. సిమ్యులేషన్‌లో మీరు ఒక పాయింట్ దగ్గర చూస్తారు, ఆప్టిమైజర్ మీరు ఊహించని మూలలకి వెళ్తుంది.

సస్పెన్షన్ మోడళ్లలో బరువుని తీసేయడం మామూలే. సమతుల్య స్థితి నుంచి ఎంత కదిలిందో మాత్రమే రాసుకుంటే గురుత్వం సమీకరణాల్లోంచి మాయమవుతుంది, లెక్క శుభ్రంగా ఉంటుంది. ఇలాంటి మోడల్ ఇచ్చి స్ప్రింగుని కూడా వెతకమంటే ఆప్టిమైజర్ గట్టిదనాన్ని కింది హద్దుకి నెట్టేస్తుంది, ఎందుకంటే బండి బరువు మోసినందుకు ఈ మోడల్‌లో ఎవరూ బిల్లు కట్టడం లేదు! గట్టిదనం 18,000 ఉన్నప్పుడు 300 కేజీల కింద స్ప్రింగు సుమారు 16 సెంటీమీటర్లు నొక్కుకుంటుంది. 6,000కి దించితే 49 సెంటీమీటర్లు. అదనంగా 80 కేజీలు ఎక్కితే మొదటిదాంట్లో బండి 4 సెంటీమీటర్ల పైన దిగుతుంది, రెండోదాంట్లో 13. కాబట్టి స్థిరమైన బరువు వల్ల నొక్కుకునేది, లోడ్ మారితే దిగేది, రెండూ పరిమితులుగా విడిగా రాయండి. మీ సిస్టమ్‌లోనూ ఇలాంటిది ఒకటి ఉంటుంది. మోటార్ వేడెక్కడమో, బ్యాటరీ వోల్టేజీ పడిపోవడమో, పైపులో ఒత్తిడి నష్టమో, సిమ్యులేషన్ సులువు కోసం తీసేసినవన్నీ ఒకసారి వరసగా చూసుకోండి.

రెండోది నునుపు. గ్రేడియంట్‌తో (ఒక్కో వేరియబుల్ కాస్త కదిలితే లక్ష్యం ఎంత మారుతుందో చెప్పే డెరివేటివ్‌లతో) నడిచే ఆప్టిమైజర్‌కి మడతలంటే పడదు. ఇఫ్-ఎల్స్‌లు, లుకప్ టేబుల్‌లో గీతల మధ్య మూలలు, స్ప్రింగు చివర రబ్బరు ఆపు తగిలే చోటు, సంపూర్ణ విలువ, ఇవన్నీ మడతలే. టేబుల్‌కి బదులు స్ప్లైన్ (పాయింట్ల గుండా పోయే నున్నటి వంపు గీత) పెట్టండి, సంపూర్ణ విలువకి బదులు వర్గానికి చిన్న అంకె కలిపి వర్గమూలం తీయండి. రోడ్డు కూడా అంతే: నిటారు మెట్టు పెట్టకుండా 5 సెంటీమీటర్ల ఎత్తు, 3 మీటర్ల పొడవున్న గుండ్రటి బంప్ పెడితే, గంటకి 36 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి దాన్ని 0.3 సెకన్లలో దాటుతుంది. మరీ నున్నగా చేసేసి రబ్బరు ఆపు అసలు లేనట్టు చేయొద్దు, అది ఇంకో అబద్ధం.

5. కంట్రోల్‌ని ఏ రూపంలో వెతకాలి?

రెండు దారులున్నాయి. బలం ప్రతి క్షణం ఎంత ఉండాలో నేరుగా వెతకడం ఓపెన్ లూప్. గెయిన్లు మాత్రమే వెతకడం, అంటే బాడీ వేగానికి ఇంత, స్ప్రింగు నొక్కుడుకి ఇంత అని, క్లోజ్డ్ లూప్.

ఓపెన్ లూప్ జవాబు ఎప్పుడూ అందంగా ఉంటుంది. ఎంత అందంగా అంటే బంప్ తగలకముందే యాక్చుయేటర్ బాడీని సర్దడం మొదలుపెడుతుంది, 3 సెకన్ల రోడ్డంతా దానికి ముందే తెలుసు కాబట్టి. ముందు కెమెరా పెట్టి రోడ్డు చదివే బండైతే అది న్యాయమే. లేకపోతే ఆ అంకె ‘ఇంతకంటే ఎవరూ మెరుగ్గా చేయలేరు’ అనే హద్దుగా మాత్రమే పనికొస్తుంది. దాన్ని నమ్మి స్ప్రింగు ఆర్డర్ ఇస్తే, భవిష్యత్తు తెలిసిన కంట్రోలర్‌కి తగిన స్ప్రింగు మీ చేతికొస్తుంది, ఆ కంట్రోలర్ మాత్రం ఎక్కడా దొరకదు.

నా సలహా: ముందు ఓపెన్ లూప్‌తో హద్దు తెలుసుకోండి, తర్వాత గెయిన్లతో మళ్లీ చేయండి, రెండిటి మధ్య తేడా చూడండి. తేడా కొంచెమే ఉంటే సాదా కంట్రోలర్ చాలు. బాగా ఎక్కువుంటే సెన్సార్ల మీద ఖర్చు పెట్టడం లాభమేమో ఆలోచించొచ్చు. ఈ తేడా అంకె డిజైన్ మీటింగ్‌లో చాలా పనికొస్తుంది, ఎవరూ లెక్కేసి తీసుకురారు గానీ.

6. ఒకే దెబ్బలోనా, ఒకదాని లోపల ఇంకోటా?

నెస్టెడ్ పద్ధతిలో బయటి ఆప్టిమైజర్ స్ప్రింగు కొలతలు ఎంచుతుంది, ఎంచిన ప్రతిసారీ లోపల ఇంకో ఆప్టిమైజర్ ఆ స్ప్రింగుకి బెస్ట్ కంట్రోల్ కనుక్కుంటుంది. లోపలి సమస్య లీనియర్ సిస్టమ్, క్వాడ్రాటిక్ లక్ష్యం అయితే ఎల్‌క్యూఆర్‌తో (ఇలాంటి సమస్యకి బెస్ట్ గెయిన్లని నేరుగా లెక్కకట్టే పద్ధతి) క్షణంలో తేలిపోతుంది కాబట్టి ఇది భేషుగ్గా ఉంటుంది. ఇబ్బంది ఎక్కడంటే, బయటివాడు ఎంచిన స్ప్రింగుకి లోపల సాధ్యమైన కంట్రోలే లేకపోతే మొత్తం ఆగిపోతుంది. పైగా లోపలి జవాబు పూర్తిగా తేలకుండా వదిలేస్తే బయటి గ్రేడియంట్ నమ్మలేనంత గజిబిజి అయిపోతుంది.

సైమల్టేనియస్ పద్ధతిలో అన్నీ ఒకే సమస్య. డిజైన్ వేరియబుల్స్ తక్కువై, డైనమిక్స్ నాన్‌లీనియర్ అయి, ప్రతి క్షణం పాటించాల్సిన పరిమితులు ఉంటే నేను దీనికే ఓటేస్తాను. భాగాలు వేర్వేరు టీమ్‌ల దగ్గర బ్లాక్‌బాక్స్‌లుగా ఉంటే మాత్రం ఇది కుదరదు, నెస్టెడ్ తప్ప గతి లేదు.

7. కాలాన్ని ముక్కలు చేయడం

మొదలు నుంచి చివరిదాకా సిమ్యులేట్ చేసి జవాబు చూసే పద్ధతి సింగిల్ షూటింగ్. రాయడం సులువు, కానీ సిస్టమ్ అస్థిరమైనదైతే మొదట్లో చిన్న మార్పు చివర్లో కొండంత అవుతుంది. కాలాన్ని ముక్కలుగా చేసి ఒక్కో ముక్కని విడిగా సిమ్యులేట్ చేసి, అతుకుల దగ్గర విలువలు కలవాలని పరిమితి పెట్టేది మల్టిపుల్ షూటింగ్. సిమ్యులేటర్‌నే తీసేసి ప్రతి పాయింట్ దగ్గరా స్టేట్‌లని కూడా వేరియబుల్స్ చేసేసి, డైనమిక్స్ సమీకరణాలని పరిమితులుగా రాసేది డైరెక్ట్ కోలొకేషన్.

కోలొకేషన్‌లో అడుగు ఎంత ఉండాలో వేగవంతమైన కదలిక చెప్తుంది. మన బాడీ ఊగేది 1.2 హెర్ట్జ్‌తో, చక్రం 11.2 హెర్ట్జ్‌తో, కాబట్టి చక్రమే యజమాని. ఒక్క ఊగుడుకి 11 పాయింట్లు కావాలంటే అడుగు 8 మిల్లీసెకన్లు, 3 సెకన్లకి 375 అడుగులు, 376 పాయింట్లు. పాయింట్‌కి నాలుగు స్టేట్‌లు, ఒక కంట్రోల్, పైన నాలుగు డిజైన్ వేరియబుల్స్ కలిపితే 1,884 వేరియబుల్స్, 1,500 డైనమిక్స్ పరిమితులు. చూడగానే టెన్షన్ వస్తుంది గానీ ఒక్కో పరిమితి పక్కపక్క పాయింట్లనే ముట్టుకుంటుంది, మొత్తం జాకోబియన్‌లో (ఏ పరిమితి ఏ వేరియబుల్‌తో ఎంత మారుతుందో చెప్పే పట్టికలో) నిండిన గడులు 1 శాతం కూడా ఉండవు. డిజైన్ వేరియబుల్స్ తాలూకు నాలుగు నిలువు వరుసలు మాత్రం పైనుంచి కిందిదాకా నిండుతాయి, ఎందుకంటే స్ప్రింగు ప్రతి క్షణంలోనూ ఉంది. ఈ ఖాళీల నమూనాని సాల్వర్‌కి చెప్తేనే ఇంత పెద్ద సమస్య మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది.

అదే 8 మిల్లీసెకన్ల అడుగుతో ట్రెపిజాయిడల్ పద్ధతి (అడుగు రెండు చివర్ల సగటుతో లెక్కేసేది) వాడితే చక్రం పౌనఃపున్యం అసలు కంటే 2-3 శాతం తక్కువగా కనిపిస్తుంది. అడుగు సగం చేస్తే ఆ తప్పు నాలుగో వంతు అవుతుంది. హెర్మిట్-సింప్సన్‌లో (అడుగు మధ్య పాయింట్‌ని కూడా చూసేది) అయితే అడుగు సగం చేస్తే తప్పు 16వ వంతుకి పడిపోతుంది. మొదటి పరుగుకి ట్రెపిజాయిడల్ చాలు, చివరికి మాత్రం మారండి.

టూల్స్ సంగతి: కాసాడీ (సమీకరణాలు రాసిస్తే డెరివేటివ్‌లు తీసిపెట్టేది), ఐపాప్ట్ (పరిమితులున్న సమస్యల్ని పరిష్కరించే సాల్వర్) జోడీ ఉచితం, గట్టిది. పెద్ద సిస్టమ్‌లో చాలా భాగాలుంటే నాసా వాళ్ల ఓపెన్ ఎండీఏఓ, దాని మీద నడిచే డైమోస్ చూడండి. టూల్ ఎంచుకోవడానికి రోజులు పెట్టొద్దు.

8. డెరివేటివ్‌లు: ఎక్కువ ప్రాజెక్టులు చచ్చేది ఇక్కడే

లక్షణాలు ఇలా ఉంటాయి: ఆప్టిమైజర్ నాలుగు అడుగులు వేసి ఆగిపోతుంది, లైన్ సెర్చ్ (ఎంచిన దిశలో ఎంత దూరం వెళ్లాలో వెతకడం) ఫెయిల్ అయిందంటుంది, మొదలుపెట్టే పాయింట్ కొంచెం మారిస్తే వేరే జవాబు ఇస్తుంది. చాలామంది వెంటనే అల్గారిథమ్ మారుస్తారు, ఇంకొందరు గ్రేడియంట్ అక్కర్లేని జెనెటిక్ అల్గారిథమ్‌కి వెళ్లిపోతారు. గ్రేడియంట్ చూడరు.

జరిగేదేమిటో దగ్గరగా చూద్దాం. మీరు సింగిల్ షూటింగ్ వాడుతున్నారు, లోపల అడుగుని తనంతట తాను మార్చుకునే ఇంటిగ్రేటర్ ఉంది, టాలరెన్స్ (అనుమతించే తప్పు) 10⁻⁶. అంటే వచ్చే లక్ష్యం విలువలో ఆరో అంకె దాటాక అంతా సొద (నాయిస్, అర్థం లేని అంకెలు). డబుల్ ప్రెసిషన్‌కి సరిపోతుందని ఫైనైట్ డిఫరెన్స్ (వేరియబుల్‌ని కాస్త జరిపి, వచ్చిన తేడాని జరిపిన దూరంతో భాగించడం) అడుగు 10⁻⁸ దగ్గర పెట్టారు, పుస్తకాల్లో అదే ఉంటుంది కదా. ఇప్పుడు 10⁻⁶ సొదని 10⁻⁸తో భాగిస్తున్నారు: డెరివేటివ్‌లో తప్పు 100! అసలు డెరివేటివ్ 1 చుట్టుపక్కల ఉంటే మీరు ఆప్టిమైజర్‌కి ఇచ్చేది లాటరీ టికెట్టు. పైగా వేరియబుల్ కాస్త కదిలితే ఇంటిగ్రేటర్ అడుగుల సంఖ్యే మారిపోతుంది, ఫంక్షన్‌లో కంటికి కనపడని చిన్న చిన్న మెట్లు వస్తాయి. మ్యాట్‌ల్యాబ్‌లో ఓడీఈ45 డీఫాల్ట్ రిలేటివ్ టాలరెన్స్ 10⁻³ అని గుర్తు పెట్టుకోండి, దాన్ని అలాగే వదిలేస్తే పరిస్థితి ఇంకా ఘోరం.

విరుగుడు ఒకటి కాదు. అడుగుని స్థిరంగా ఉంచండి. లేదా టాలరెన్స్ 10⁻¹⁰ దాకా బిగించండి, డిఫరెన్స్ అడుగుని సొద వర్గమూలం దగ్గరకి పెంచండి (సొద 10⁻⁶ అయితే అడుగు 10⁻³). అన్నిటికంటే మంచిది ఆటోమేటిక్ డిఫరెన్షియేషన్, అంటే కోడ్‌లోని ఒక్కో లెక్క డెరివేటివ్‌ని సాఫ్ట్‌వేరే కచ్చితంగా తీసి కలపడం. కోడ్ మీ చేతిలో ఉండి సంకీర్ణ సంఖ్యలు ఒప్పుకుంటే కాంప్లెక్స్ స్టెప్ (వేరియబుల్‌ని ఊహాత్మక దిశలో జరిపి డెరివేటివ్ తీయడం) ఒక వరం, అందులో తీసివేత లేదు కాబట్టి అడుగు 10⁻³⁰ పెట్టినా అంకెలు పోవు. అయితే కోడ్‌లో ఎక్కడైనా సంపూర్ణ విలువ ఫంక్షన్ ఉంటే అది ఊహాత్మక భాగాన్ని మింగేసి నోరు మెదపకుండా సున్నా ఇస్తుంది.

డిజైన్ వేరియబుల్స్ వందల్లో ఉండి అవుట్‌పుట్‌లు నాలుగైదే అయితే అడ్జాయింట్ (అవుట్‌పుట్ నుంచి వెనక్కి లెక్కేసి అన్ని డెరివేటివ్‌లూ ఒకేసారి తీసే పద్ధతి) వాడాలి, దాని ఖర్చు వేరియబుల్స్ సంఖ్యతో పెరగదు. కాలంలో వెనక్కి నడుస్తుంది కాబట్టి ముందుకి నడిచినప్పటి స్టేట్‌లన్నీ దాచిపెట్టాలి, మెమరీ చాలకపోతే కొన్ని చోట్ల మాత్రమే దాచి మధ్యవి మళ్లీ లెక్కేసుకోవాలి.

షూటింగ్‌లో ఇంకో చిక్కుంది. తీగలో గరిష్ఠ ఒత్తిడి అనేది 376 క్షణాల్లో ఏదో ఒక క్షణానిది, డిజైన్ మారితే ఆ క్షణం ఒక్కసారిగా ఇంకోచోటికి దూకుతుంది, అక్కడ మడత. అందుకే గరిష్ఠానికి బదులు కేఎస్ (క్రైసెల్‌మైయర్-స్టైన్‌హాసర్) ఫంక్షన్ వాడతారు, అన్ని క్షణాలనీ నునుపుగా ఒక అంకెలో కలుపుతుంది. దాని పదును అంకె 50 పెడితే, అనుమతించిన ఒత్తిడితో భాగించుకున్న విలువని 0.12 దాకా ఎక్కువ చూపించొచ్చు, అంటే మీ తీగ అనవసరంగా లావవుతుంది. 500 పెడితే ఆ ఎక్కువ 0.012కి దిగుతుంది, కానీ మడత మళ్లీ తలెత్తుతుంది. తక్కువతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి.

ఏ పద్ధతి వాడినా మొదటి పరుగుకి ముందు రెండు వేర్వేరు పద్ధతుల్లో గ్రేడియంట్ తీసి పక్కపక్కన పెట్టి చూడండి. కనీసం నాలుగైదు అంకెలు కలవాలి. కలవకపోతే ముందుకి వెళ్లొద్దు.

9. స్కేలింగ్, మొదటి ఊహ

గట్టిదనం 18,000, కదలిక 0.01 మీటరు, తీగ 0.012 మీటరు, వీటన్నిటినీ ఒకే సాల్వర్ చూస్తుంది. ప్రతిదాన్నీ దాని మామూలు పరిమాణంతో భాగించి 1 చుట్టుపక్కలకి తీసుకురండి, పరిమితులని కూడా. సాల్వర్ తానే స్కేల్ చేసుకుంటుందిలే అని వదిలేయకండి, మీ సిస్టమ్‌లో ఏది పెద్దదో దానికంటే మీకే బాగా తెలుసు.

మొదటి ఊహగా అన్నీ సున్నాలు పెట్టేవాళ్లు ఎక్కువ. యాక్చుయేటర్ ఆపేసి సాదా స్ప్రింగు డ్యాంపర్‌తో ఒక సిమ్యులేషన్ నడిపి ఆ స్టేట్‌లని ఊహగా ఇవ్వండి. డైనమిక్స్ అప్పటికే దాదాపు సరిపోతాయి కాబట్టి సాల్వర్ మిగతా వాటి మీద పని చేస్తుంది. మొదట కాలాన్ని 40 ముక్కలే చేసిన ముతక మెష్‌తో (కాలంలో పాయింట్ల వరసతో) పరిష్కరించి, ఆ జవాబుని మధ్యలో నింపి తర్వాతి మెష్‌కి ఇస్తే ఇంకా మంచిది.

10. లాగ్ చదవండి

ఐపాప్ట్ ప్రతి అడుగుకీ ముద్రించే అంకెల్లో రెండు ముఖ్యం: పరిమితులు ఎంత ఉల్లంఘన అవుతున్నాయన్నది ఒకటి, ఆప్టిమాలిటీ ఎంత దూరంలో ఉందన్నది ఇంకోటి. మొదటిది తగ్గకుండా మొండికేస్తే మీ పరిమితులు ఒకదానితో ఒకటి కొట్టుకుంటున్నాయి. అడుగు నంబరు పక్కన ‘ఆర్’ అక్షరం పదేపదే కనిపిస్తే రెస్టొరేషన్‌లో పడిందని, అంటే లక్ష్యాన్ని పక్కన పెట్టి సాధ్యమయ్యే చోటు కోసమే వెతుకుతోందని అర్థం. అప్పుడు లక్ష్యాన్ని సున్నా చేసి ఒక్క సాధ్యత కోసం పరిష్కరించి చూడండి, ఏ పరిమితి అడ్డమో బయటపడుతుంది. మొదటిది బాగా తగ్గి రెండోది మాత్రం ఒకచోట ఊగిసలాడుతుంటే నూటికి తొంభై సార్లు డెరివేటివ్‌దో స్కేలింగ్‌దో తప్పు, ఎనిమిదో మెట్టుకి వెళ్లండి.

11. జవాబుని నమ్మకండి, పరీక్షించండి

దొరికిన కంట్రోల్‌ని తీసుకుని ఆప్టిమైజర్‌తో సంబంధం లేని ఇంకో ఇంటిగ్రేటర్‌లో బిగించిన టాలరెన్స్‌తో మళ్లీ నడపండి. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడాలి. పడకపోతే మెష్ చాలలేదు. పాయింట్ల దగ్గర 8 సెంటీమీటర్ల హద్దు కచ్చితంగా పాటించి, రెండు పాయింట్ల మధ్య హద్దు దాటేసిన జవాబులు మామూలే, ఆప్టిమైజర్ మీరు చూడని చోటునుంచి దూరుతుంది. కంట్రోల్ గీత ప్రతి పాయింట్‌కీ పైకీ కిందకీ రంపపు పళ్లలా ఊగుతుంటే అది గొప్ప వ్యూహమేమీ కాదు, బలం మారే వేగానికి మీరు ధర పెట్టలేదు అంతే. యాక్చుయేటర్ ఎంత వేగంగా మారగలదో పరిమితి పెట్టండి.

తర్వాత వేరే రోడ్డు మీద నడపండి. ఒకే బంప్‌కి డిజైన్ చేసిన సస్పెన్షన్ ఆ బంప్ చదువుకున్న విద్యార్థి, ప్రశ్న మారిస్తే తెల్లమొహం వేస్తుంది. సరైన పద్ధతి ఏమిటంటే మొదటి నుంచే మూడు నాలుగు సందర్భాలు పెట్టడం: బంప్, గతుకుల రోడ్డు, నిండు లోడ్, ఖాళీ బండి. డిజైన్ వేరియబుల్స్, గెయిన్లు అన్నిటికీ ఉమ్మడి, స్టేట్‌లు మాత్రం ఒక్కో సందర్భానికి విడివి. సమస్య పెరుగుతుంది గానీ సందర్భాలని సమాంతరంగా లెక్కేయొచ్చు. తీగ వ్యాసం 1 శాతం తేడాగా తయారైతే గట్టిదనం 4 శాతం మారుతుంది, దాన్ని కూడా ఒక సందర్భంగా పెట్టండి. కనీసం ఐదారు వేర్వేరు మొదటి ఊహలతో నడిపి ఒకే చోటికి వస్తోందో లేదో చూడండి, రాకపోతే వచ్చిన అన్నిటినీ పోల్చి చూడాలి.

ఇక ఫలితం పంపేటప్పుడు కొలతలతో పాటు పరిమితుల మల్టిప్లయర్‌లు కూడా పంపండి. సాల్వర్ వాటిని ఉచితంగా ఇస్తుంది, చాలామంది చూడకుండా పారేస్తారు. ఒక పరిమితిని కొంచెం సడలిస్తే లక్ష్యం ఎంత మెరుగవుతుందో ఆ అంకె చెప్తుంది. సస్పెన్షన్ ప్రయాణం తాలూకు మల్టిప్లయర్‌లని కాలం పొడవునా గీస్తే బంప్ దాటే ఆ కాసేపే పైకి లేచి మిగతా సమయమంతా సున్నా ఉంటుంది. ఆ లేచిన భాగం పెద్దగా ఉండి, తీగ ఒత్తిడి మల్టిప్లయర్ సున్నా దగ్గర ఉంటే, మీ డిజైన్‌ని పట్టుకుని కూర్చున్నది ఉక్కు కాదు, చక్రం పైన ఉన్న ఖాళీ. ఆ గీత ప్రింట్ తీసి బాడీ డిజైన్ చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్తే ఇంకో 5 మిల్లీమీటర్లు ఇచ్చినా ఇవ్వొచ్చు.